పాప ఓపీటీ 2027 ఫిబ్రవరి వరకూ ఉంది, లోన్ సంగతి మాత్రం ఇప్పుడే చూడండి

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర బంగారుపాళెం వైపు పల్లె. మామిడి తోట మీద బతుకుతున్నాం. మా పాప తిరుపతిలో బీటెక్ చేసి అమెరికా వెళ్లింది. 2023 డిసెంబరులో ఎమ్మెస్ అయిపోయింది. డాలస్‌లో డేటా ఇంజినీర్‌గా చేస్తోంది. చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, స్టెమ్ ఓపీటీ, 2027 ఫిబ్రవరి దాకా ఉందంట. ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీలో రెండుసార్లూ పేరు రాలేదు. తోట తాకట్టు పెట్టి 35 లక్షలు లోన్ తీసుకున్నాం, వడ్డీ 11 శాతం, ఇంకా 24 లక్షలు ఉంది. రోజూ ఏదో ఒక వార్త. స్టేటస్ తీసేస్తారని, పంపించేస్తారని అంటున్నారు. పాప కారులో కూడా కాగితాల ఫైలు పెట్టుకుని తిరుగుతోంది. రాత్రిపూట ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఊరికే లైన్లో ఉంటోంది. వాళ్ల అవ్వకి ఒంట్లో బాగలేదు, పాపను చూడాలంటోంది. వచ్చెయ్యమని చెప్పాలా? పిల్లోడు బీటెక్ మూడో సంవత్సరం. వాణ్ణి పంపాలా వద్దా?

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఈ రోజుకి పాప స్టేటస్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఉద్యోగం ఉంది, ఓపీటీ గడువు ఉంది, చదువు సక్రమంగా పూర్తయింది. ఈ సంగతి పాప వాళ్లమ్మకి కూడా చదివి వినిపించండి.

వీసా వేరు, స్టేటస్ (అక్కడ ఉండటానికి ఉన్న చట్టబద్ధమైన అనుమతి) వేరు. మనవాళ్లలో చాలామంది ఈ రెంటినీ కలిపేసి భయపడుతున్నారు. అలిపిరిలో తనిఖీ దాటితేనే కొండెక్కుతాం. ఎక్కాక పైన ఎన్నాళ్లు ఉండొచ్చన్నది గది స్లిప్పు చెప్తుంది, అలిపిరి వాళ్లు కాదు. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు ఆ తనిఖీ లాంటిది, దేశంలోకి వెళ్లడానికి పనికొస్తుంది. లోపల ఉండటానికి లెక్కలోకి వచ్చేవి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు), కాలేజీ వాళ్లు సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో నిర్వహించే రికార్డు. స్టాంపు గడువు అయిపోయినా లోపల ఉన్నవాళ్ల స్టేటస్ దానంతట అది పోదు. కాకపోతే బయటికొస్తే మళ్లీ లోపలికి వెళ్లడానికి కొత్త స్టాంపు కావాలి.

కారులో ఫైలు పెట్టుకుంటోందని బాధపడ్డారు. ఆ పని ఆపించకండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని అక్కడి చట్టంలో ఎన్నో ఏళ్లుగా ఉంది. 2025 ఏప్రిల్ నుంచి దాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. ఐ-94 ప్రింటు, ఈఏడీ కార్డు దగ్గర పెట్టుకుని తిరగడం సరైన పనే.

అదే ఏప్రిల్లో జరిగింది చెప్తాను. పుత్తూరు వైపు అబ్బాయి ఒకడు, నేనే కాలేజీలు చూసి పెట్టినవాడు, మనకి తెల్లవారుజామున మూడు గంటలకి ఫోన్ చేశాడు. సెవిస్ రికార్డు టెర్మినేట్ అయిందని కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చిందట. ఎప్పుడో స్పీడుగా కారు నడిపితే పడ్డ కేసు, జరిమానా కట్టి మర్చిపోయాడు. రూమ్మేట్లు అప్పటికే వాడి చేత సూట్‌కేసు సర్దించేశారు. వీడియోలో చూపించాడు, పైన రైస్ కుక్కర్, దాని పక్కన వాళ్లమ్మ పంపిన కారప్పొడి డబ్బా. టికెట్ కొనేలోపు ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడమన్నాను. ఆయన ఆగమన్నాడు. ఆ నెలలో వేలమంది విద్యార్థుల రికార్డులు అలా తీసేశారు. వాళ్లలో చాలామంది కోర్టులకు వెళ్లారు. ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వమే కోర్టులో చెప్పింది. ఆ అబ్బాయి ఇప్పటికీ అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ రోజు రాత్రే విమానం ఎక్కి ఉంటే మళ్లీ వెళ్లడం చాలా కష్టమయ్యేది. అందుకే పాపకి చెప్పండి, ఏ ఈమెయిల్ వచ్చినా కాలేజీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే అధికారి డీఎస్ఓతో, లాయరుతో మాట్లాడకుండా సూట్‌కేసు ముట్టుకోవద్దని. లాయరు ఫోన్ నంబరు ఇప్పుడే తీసిపెట్టుకోమనండి.

వార్తల సంగతి కూడా ఇలాగే చూడాలి. ప్రతిపాదన వేరు, ఖరారైన నిబంధన వేరు, దాని మీద కోర్టు ఇచ్చే ఉత్తర్వు వేరు. విద్యార్థులకి నాలుగేళ్లకు మించకుండా గడువు పెడతామని 2025 ఆగస్టులో ప్రతిపాదన వచ్చింది. మన వాట్సాప్‌లో మాత్రం అది అప్పటికే చట్టం అయిపోయినట్టు తిరిగింది. మీకు వీడియో ఏదైనా వస్తే పాపకి పంపకండి. ఆ పిల్ల అవన్నీ మీకన్నా ముందే చూసి ఉంటుంది. నాయన కూడా పంపాడంటే ఇంకా కుంగిపోతుంది.

ఇక పాప చేతిలో ఉన్నవి. నాకు అసలు భయం ఇక్కడే. పాలసీ మారి స్టేటస్ పోగొట్టుకున్నవాళ్ల కన్నా, పాలసీ మారుతుందన్న భయంతో తప్పుడు దారి పట్టి పోగొట్టుకున్నవాళ్లని నేను ఎక్కువమందిని చూశాను. ఓపీటీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించకూడదు. సైన్సు, టెక్నాలజీ చదివినవాళ్లకి ఆ తర్వాత ఇచ్చే స్టెమ్ ఓపీటీ కూడా కలిపితే మొత్తం 150 రోజులు. ఇన్నాళ్లలో పాప ఎన్ని రోజులు ఖాళీగా ఉందో లెక్క రాసి పెట్టుకోవాలి. ఇల్లు మారినా, కంపెనీ మారినా పది రోజుల్లోపు కాలేజీకి చెప్పాలి. ఉద్యోగులకి పని చేసే అర్హత ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి. ఐ-983 ట్రైనింగ్ ప్లాన్‌లో రాసిన పని, నిజంగా చేస్తున్న పని ఒకటే అయి ఉండాలి. రేపు ఉద్యోగం పోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "మా దగ్గర పేరోల్ రన్ చేస్తాం, ప్రాజెక్టు అక్కర్లేదు" అని. లాటరీ రాకపోతే ఇంకొకరు, చేరిన మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చనే కాలేజీ ఉందని. మొదటిది పని లేకుండానే ఉద్యోగం ఉన్నట్టు కాగితాల మీద చూపించడం, పచ్చి మోసం, దాని జోలికే పోవద్దు. రెండోదాంట్లో సరైన కాలేజీలూ ఉండొచ్చు, కానీ తర్వాత హెచ్-1బి దగ్గర ఆ చదువు మీద గుచ్చి గుచ్చి అడుగుతారు. లాయరుకి చూపించకుండా ఫీజు కట్టొద్దు.

2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది బయటపడింది గుర్తుందా? అది అసలు కాలేజీయే కాదు, అక్కడి అధికారులే నడిపిన ఉచ్చు. క్లాసులు లేకుండా స్టేటస్ నిలబెట్టుకుందామని చేరిన పిల్లలు దొరికిపోయారు, వాళ్లలో ఎంతోమంది మన తెలుగు పిల్లలే. వాళ్లలో ఎవరూ చెడ్డ పిల్లలని నేను అనుకోను. అప్పు ఉంది, టైం లేదు, ఎవరో దారి చూపించారు. ఆ దారి మన పాప ముందుకు రాకుండా చూడటం మన పని.

ఈ 2026 మార్చి హెచ్-1బి లాటరీ ముఖ్యం. ఇప్పటిదాకా అందరి పేరూ ఒకేలా తీసేవాళ్లు. 2025 డిసెంబరులో నిబంధన మార్చారు. ఇప్పుడు ఆ పనికి అక్కడి ప్రభుత్వం లెక్కగట్టిన నాలుగు జీతం లెవల్స్‌లో ఏది వస్తుందన్నదాన్ని బట్టి లాటరీలో పేరు అన్నిసార్లు పడుతుంది. నాలుగో లెవల్ జీతమైతే నాలుగుసార్లు, మూడోదైతే మూడు, రెండోదైతే రెండు, మొదటిదైతే ఒక్కసారే. సీట్ల సంఖ్య మాత్రం మారలేదు, 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. పాప ఈ వారమే కంపెనీ హెచ్ఆర్‌ని అడగాలి, తన పేరు ఏ లెవల్ మీద నమోదు చేస్తున్నారని. రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లని మొదటి లెవల్లో పెడితే నష్టమే. రెండో లెవల్‌కి కొద్ది మొత్తమే తక్కువైతే జీతం పెంచమని అడిగే హక్కు పాపకుంది, అడగడానికి మొహమాటపడకూడదు. ఇంకో దారి కూడా ఉంది. యూనివర్సిటీల్లో, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల్లో ఉద్యోగం వస్తే లాటరీతో పనే లేదు. జీతం తక్కువ ఉండొచ్చు. డేటా పని తెలిసినవాళ్లు అక్కడా కావాలి. మన పిల్లలు ఆ వైపు చూడనే చూడరు, పాపని చూడమనండి.

లక్ష డాలర్ల ఫీజు గురించి కూడా మీరు విని ఉంటారు. 2025 సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులకి అది పెట్టారు. అయితే ఇప్పటికే అమెరికాలో స్టూడెంట్‌గా ఉండి, అక్కడినుంచే హెచ్-1బికి మారేవాళ్లకి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. కంపెనీ దరఖాస్తు వేశాక, అది తేలకముందే దేశం దాటి బయటికి వస్తే మాత్రం ఆ ఫీజు మీద పడొచ్చు. లక్ష డాలర్లు కట్టి తెచ్చుకునే కంపెనీలు ఎన్ని ఉంటాయి చెప్పండి?

అందుకే అవ్వ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. పేరు తగిలితే ఏప్రిల్ నుంచి దరఖాస్తు వేస్తారు. ఆ తర్వాత అది తేలేదాకా పాప కదలకూడదు. చూడటానికి రావాలంటే ఈ 2026 ఫిబ్రవరిలోనే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టాంపు గడువు ఇంకా ఉండాలి, ఐ-20 మీద డీఎస్ఓ ప్రయాణ సంతకం ఆరు నెలల్లోపుది ఉండాలి, ఈఏడీ కార్డు, కంపెనీ లెటరు కావాలి. సెలవు పెట్టి వస్తే ఆ రోజులు ఖాళీ రోజుల్లో కలవవు. స్టాంపు గడువు అయిపోయి ఉంటే మాత్రం రావద్దనే చెప్తాను. చెన్నైలో గానీ హైదరాబాద్‌లో గానీ మళ్లీ ఇంటర్వ్యూకి కూర్చోవాలి. 2025 డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీ పేరుతో హెచ్-1బి వాళ్ల అపాయింట్‌మెంట్లు నెలలకు నెలలు వెనక్కి జరిపారు. రెండు వారాల సెలవుకని వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయారు. స్టాంపు ఉన్నా విమానాశ్రయంలో ఆపి ప్రశ్నలు అడగొచ్చు, ఆ రిస్కు పూర్తిగా పోదు. అవ్వ పరిస్థితి ఎలా ఉందో డాక్టరు చెప్పింది చెప్పినట్టు పాపకి చెప్పండి. దాచొద్దు, పెంచీ చెప్పొద్దు. తర్వాత నిర్ణయం పాపకే వదలండి.

ఇప్పుడు లోన్. అన్నా, రాత్రిపూట పాప లైన్లో మౌనంగా ఉండటానికి కారణం ఇదేనని నా నమ్మకం. తిరిగి రావాల్సి వస్తే ఉద్యోగం దొరకదని కాదు ఆ పిల్ల భయం. తోట పోతుందని భయం. 2025 వేసవిలో తోతాపురికి ఫ్యాక్టరీల దగ్గర ఏం ధర పలికిందో, ట్రాక్టర్లు ఎన్ని రోజులు క్యూలో నిలబడ్డాయో డాలస్‌లో ఉన్నా పాపకి తెలుసు. 24 లక్షలకి ఏడేళ్లు లెక్కేస్తే నెలకి 41 వేలు. పాప తిరిగొస్తే బెంగళూరు జీతంలో అద్దె, తిండి పోను అది బరువే. 15 లక్షలకి దించితే నెలకి 25,700. అది మోయగలరు. అంటే 9 లక్షలు ముందుగా కట్టాలి. డాలరు 90 రూపాయలని లెక్కేస్తే పది వేల డాలర్లు. కారు మార్చడం, ఇక్కడ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడం లాంటివన్నీ 2027 దాకా పక్కన పెట్టండి. మూడు నెలల ఖర్చు, లాయరు ఫీజు, ఒక టికెట్ డబ్బు అక్కడే ఉంచుకుని, మిగిలిందంతా లోన్‌కే. డబ్బు కట్టేటప్పుడు బ్యాంకులో ఒక మాట గట్టిగా అడగండి. మామూలుగా వాళ్లు ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తారు. మనకి కావలసింది ఈఎంఐ తగ్గడం. కాగితం మీద రాయించుకోండి. ముందుగా కడితే జరిమానా ఉందేమో కూడా అప్పుడే తెలుసుకోండి.

వచ్చెయ్యమనాలా అని అడిగారు. ఇప్పుడు వద్దు. ఉద్యోగం, గడువు చేతిలో ఉండగా వదులుకోనక్కర్లేదు. మార్చిలో రాకపోయినా 2027 ఫిబ్రవరి దాకా పని చేయొచ్చు, ఆ తర్వాత సర్దుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ఈలోపు చేస్తున్న కంపెనీకి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆఫీసు ఉంటే, బదిలీ గురించి మేనేజరుతో ఈ వేసవిలోనే మాట్లాడి పెట్టుకోవాలి. గడువు ఉండగా అడిగితే మాట చెల్లుతుంది. ఒకవేళ వచ్చేస్తే, "అమెరికా నుంచి పంపించేశారంట" అనే చుట్టాలు ఉంటారు. వాళ్లకి ఏం చెప్పాలో మీరు ముందే అనుకుని పెట్టుకోండి, ఆ పని పాప మీద పెట్టకండి. "చదివింది, మూడేళ్లు పని చేసింది, సగానికి పైగా అప్పు తీర్చింది" అని చెప్పండి. అప్పటికి అది నిజమే అవుతుంది.

పిల్లోడి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒకే తోట మీద రెండో అప్పు చేయొద్దు. అక్క లోన్ 15 లక్షలకి దిగేదాకా వాడికి అమెరికా లోన్ మాటే వద్దు. మూడో సంవత్సరం కాబట్టి గేట్‌కి కూర్చోమనండి. మంచి ర్యాంకు వస్తే మన ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతిలోనే ఎంటెక్‌కి ప్రయత్నించవచ్చు, స్టైపెండ్ కూడా వస్తుంది. బయటికే వెళ్లాలనుకుంటే జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. కాకపోతే ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో (నెలకి కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి, భాష నేర్చుకోవాలి. వాడికి భాష మీద ఆసక్తి ఉందో లేదో ఆరు నెలలు జర్మన్ క్లాసుకి పంపితే తెలిసిపోతుంది.

ఈ రాత్రి ఫోన్ వచ్చినప్పుడు పాపని రెండే అడగండి. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు ఏ తేదీ వరకు ఉంది, కంపెనీ ఏ జీతం లెవల్ మీద పేరు నమోదు చేస్తోంది. ఆ రెండూ తెలిశాక నాకు మళ్లీ రాయండి. ఫిబ్రవరి టికెట్ కొనాలా వద్దా అన్నది అప్పుడు చెప్తాను. వారం దాటనివ్వకండి.