ఖాళీ ఉన్నా కాపీ కావట్లేదు: డిస్క్ ఫార్మాట్ల మీద మీ ప్రశ్నలు

*సార్, నాది చిన్న ఫొటో స్టూడియో. పెండ్లి వీడియో 9 జీబీ వచ్చింది. కస్టమర్ కొత్త 32 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు, అందులో ఒక్క ఫైలు కూడా లేదు. అయినా కాపీ కొడితే ఫైలు చాలా పెద్దదని చెప్పి ఆగిపోతోంది. మూడు పెన్‌డ్రైవ్‌లు మార్చి చూశాను. కెమెరాలోని 64 జీబీ కార్డుతో మాత్రం ఈ తిప్పలు లేవు. ఇవి నకిలీ పెన్‌డ్రైవ్‌లా?* – స్టూడియో యజమాని, దేవరకొండ

నకిలీవి కాదన్నా. నకిలీవాటి లక్షణమే వేరు, అవి పెట్టినవన్నీ నవ్వుతూ తీసుకుంటాయి, తర్వాత తెరిస్తేనే ఏడిపిస్తాయి. మీది ఫైల్ సిస్టం గొడవ.

రైస్‌మిల్లు గోదాంలో ఏ బస్తా ఏ వరుసలో ఉందో గుమస్తా చిట్టాలో రాసుకుంటాడు కదా, డిస్కులో ఆ చిట్టా రాసే పద్ధతిని ఫైల్ సిస్టం అంటారు. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఫ్యాట్32, అంటే విండోస్ 95 రోజుల్లో, 1996లో వచ్చిన పద్ధతి. ఆ చిట్టాలో ఫైలు సైజు రాసే గడి ఇరుకు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్ల వరకే అందులో పడుతుంది, ఒక్క బైటు ఎక్కువైనా పట్టదు. మన లెక్కలో అది 4 జీబీ. గోదాం మొత్తం ఖాళీగా ఉన్నా 9 జీబీ ఫైలు ఒక్కటి కూడా లోపలికి పోదు, 3 జీబీ ఫైళ్లయితే చక్కగా పోతాయి. 32 జీబీ వరకు మెమరీ కార్డులు ఫ్యాట్32తో వస్తాయి, అంతకంటే పెద్దవి ఎక్స్‌ఫ్యాట్‌తో, అంటే ఈ 4 జీబీ అడ్డు లేని ఇంకో చిట్టా పద్ధతితో వస్తాయి. మీ కెమెరా కార్డు 64 జీబీది కాబట్టి అది అడ్డు చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవి పోతాయి, మీది ఎలాగూ ఖాళీదే. అయితే ఒక్క మాట, ఆ పెండ్లివాళ్లు వీడియో చూసేది కంప్యూటర్‌లో కాదు, ఇంట్లో గోడకున్న టీవీలో. పాత టీవీల్లో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు, పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ చూపించవు, వాళ్లు నేరుగా మీ షాపుకొచ్చి కూర్చుంటారు. అందుకే టీవీ ఎప్పటిదో ముందే అడగండి. పాతదైతే ఫ్యాట్32నే ఉంచి, ఎదుర్కోళ్లు ఒక ఫైలు, లగ్గం ఒక ఫైలు, అప్పగింతలు ఒక ఫైలుగా కోసి ఇవ్వండి, ఒక్కోటి 4 జీబీ దాటకుండా చూసుకుంటే చాలు. నన్నడిగితే అలా ఇవ్వడమే మేలు, తొమ్మిది జీబీల పెండ్లిని ఆపకుండా చూసేవాళ్లు పెండ్లికూతురు అమ్మానాన్న తప్ప ఇంకెవరూ ఉండరు.

*నేను రిటైరైన టీచర్‌ను. పాత కంప్యూటర్‌లో డి డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయాలంటే ఫార్మాట్ తప్పదని మా అబ్బాయి అంటున్నాడు. ఫైళ్లు పోకుండా మార్చే కమాండ్ ఉందని షాపాయన అంటున్నాడు. ఎవరి మాట నిజం?* – కల్వకుర్తి నుంచి

షాపాయన మాటే నిజం సార్. ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే విండోస్ వాడే ఇంకో చిట్టా పద్ధతి. విండోస్‌లోనే ఆ కమాండ్ ఉంది, డబ్బులు పెట్టి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ను, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇలా కొట్టాలి (ఇంగ్లిష్ అక్షరాల్లో, నేను చదివి వినిపిస్తున్నాను): కన్వర్ట్, ఒక ఖాళీ, డి, కోలన్, ఇంకో ఖాళీ, స్లాష్, ఎఫ్‌ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్. డ్రైవ్‌కు పెట్టిన పేరు అడుగుతుంది, అది ముందే చూసి రాసిపెట్టుకోండి. ఆ డ్రైవ్‌లో ఏదైనా ఫైలు తెరిచి ఉంటే రీస్టార్ట్ అయినప్పుడు మారుస్తానంటుంది, సరే అనండి. డ్రైవ్‌లో కొంత ఖాళీ కూడా ఉండాలి.

ఇక మీ అబ్బాయి భయంలోనూ న్యాయం ఉంది. ఈ దారి వన్‌వే. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయ్యాక మళ్లీ ఫ్యాట్32 కావాలంటే అప్పుడు మాత్రం ఫార్మాటే. రెండోది, చిట్టా మొత్తం తిరగరాస్తున్నప్పుడు మధ్యలో కరెంటు పోతే సగం పాత చిట్టా, సగం కొత్త చిట్టాగా మిగిలిపోవచ్చు. మన దగ్గర గాలివాన రాకముందే కరెంటు పోతుందని మీకు నేను చెప్పాలా! ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, యూపీఎస్ ఉన్నచోట ఈ పని చేయండి. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లకు ఈ కమాండ్ పనిచేయదు, వాటిని కాపీ చేసుకుని ఫార్మాట్ కొట్టాల్సిందే.

మార్చడం అవసరమా అంటే, ఇంట్లో కదలకుండా ఉండే డ్రైవ్‌కు అవసరమే. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి, చిట్టాలో ఏదైనా మార్చేముందు చిత్తు పుస్తకంలో రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ చిత్తు చూసి చిట్టా సరిచేసుకుంటుంది. ఫ్యాట్32కు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిత్తు పుస్తకం లేదు. అలాగని మీరు సేవ్ చేయని ఉత్తరాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ కాపాడుతుందనుకోకండి, అది చూసుకునేది చిట్టానే.

*అన్నా, నేను డిగ్రీ చదువుతున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లైనక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం వేశాను. పిల్లలమర్రి దగ్గర దిగిన ఫొటోలు డి డ్రైవ్‌లో ఉన్నాయి. మింట్‌లో అవి కనిపిస్తున్నాయి కానీ ఏదీ సేవ్ కావట్లేదు. డి డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4కు కన్వర్ట్ చేస్తే సరిపోతుందా?* – మహబూబ్‌నగర్ నుంచి

వద్దు తమ్ముడూ, ఆగు! ఈఎక్స్‌టీ4 అంటే లైనక్స్ సొంత చిట్టా పద్ధతి. మామూలుగా లైనక్స్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడమూ వచ్చు, రాయడమూ వచ్చు. నీ ఇబ్బంది ఎక్కువగా ఫాస్ట్ స్టార్టప్ వల్లే అయ్యుంటుంది. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా నిద్రపోదు, తొందరగా లేవడానికి ఒక కన్ను తెరిచి పడుకుంటుంది, డ్రైవ్ ఇంకా నాదే అన్నట్టు గుర్తు పెట్టి పోతుంది. లైనక్స్ ఆ గుర్తు చూసి చదువుతుందే గానీ చేయి పెట్టదు, అది మంచితనమే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయ్. ఇప్పటికిప్పుడు చూడాలంటే విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి మింట్‌లోకి రా.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ఉన్నచోటనే ఈఎక్స్‌టీ4గా మార్చే నమ్మదగ్గ దారి లేదు. అద్దె ఇల్లు మారినట్టే, సామాను బయటపెట్టాలి, ఫార్మాట్ కొట్టాలి, మళ్లీ లోపల సర్దుకోవాలి. పైగా మామూలు విండోస్‌కు ఈఎక్స్‌టీ4 కనిపించదు, ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు సరే అని నొక్కుతారు. రెండింట్లోనూ వాడే ఫైళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉండనీ. లైనక్స్ సొంత భాగం మాత్రం 2008 నుంచి ఉన్న ఈఎక్స్‌టీ4లో ఉండాలి, దాన్ని కదిలించకు. ఆపిల్ మ్యాక్ ఉన్న దోస్తుకు డిస్క్ ఇస్తావనుకో, మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది కానీ రాయదు, అక్కడ ఎక్స్‌ఫ్యాటే దిక్కు. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టాక లైనక్స్‌తోనూ దానికి పేచీ పోయింది.

*ఫొటోలన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టుకున్నాం. నిన్న కాపీ అవుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు పెడితే ఫార్మాట్ చేయాలంటోంది. చేస్తే ఫొటోలు వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.* – ఒక గృహిణి, నకిరేకల్

అమ్మా, ఆ బటన్ నొక్కకండి. అడిగిన ప్రతిదానికీ సరే అనే అలవాటు నాకూ ఉండేది. ఒకసారి రాత్రి పూట పెన్‌డ్రైవ్ అనుకుని పక్క అక్షరమున్న డిస్కును ఫార్మాట్ కొట్టాను, మా పాప మొదటి పుట్టినరోజు అందులోనే ఉంది. అదృష్టం కొద్దీ క్విక్ ఫార్మాట్ కొట్టాను కాబట్టి చిట్టా చిరిగింది గానీ బస్తాలు గోదాంలోనే ఉన్నాయి, చాలావరకు దొరికాయి. అదే ఫుల్ ఫార్మాట్ అయ్యుంటే, విండోస్ విస్టా నుంచి అది డిస్కంతా సున్నాలు రాస్తుంది, ఇక ఏమీ మిగలదు.

మొదట కేబుల్ మార్చి, ఇంకో పోర్టులో, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తే అక్కడితో ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. చప్పుడు లేకపోతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫొటోలను వేరే డిస్కులోకి తీసుకోవచ్చు. అదే డిస్కులోకి మాత్రం వద్దు, ఉన్న ఫొటోల మీదే రాసేస్తుంది. ఫైళ్ల పేర్లు పోతాయి, ఫొటోలు వస్తాయి. డిస్కులో తప్పులు వెతికే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్ కొట్టమని ఎవరైనా చెబితే, ఫొటోలు బయటికొచ్చాకే కొట్టండి. అది సరిచేసేది చిట్టాను, ఆ పనిలో తనకు అర్థంకాని ముక్కలను పక్కకు తోసేస్తుంది. అంతా అయ్యాక డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకోండి.

*మా మిల్లు సీసీటీవీ డీవీఆర్‌లోని డిస్క్ తీసి కంప్యూటర్‌కు పెడితే ఖాళీ డిస్క్ అంటోంది. రికార్డింగ్ పోయినట్టేనా?* – మిర్యాలగూడ నుంచి

పోలేదు. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి, ఆ చిట్టా భాష విండోస్‌కు రాదు. ఇనిషియలైజ్ (కొత్త డిస్కులా సిద్ధం) చేయమంటే క్యాన్సిల్ కొట్టి, డిస్కును తిరిగి డీవీఆర్‌లోనే పెట్టండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ డీవీఆర్‌కే గుచ్చి, మెనూలో బ్యాకప్‌కు వెళ్లి, కావాల్సిన గంట రికార్డింగ్ మాత్రమే తీసుకోండి.