మేడ మీద డెక్ బోర్డులు లేచిపోయాయి, తప్పు సరుకుదా? ఫిట్టింగుదా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నిరుడు డిసెంబరులో మేడ మీద డబ్ల్యూపీసీ డెక్ (బోర్డులు పరిచి బిగించే నేల) వేయించాం. బోర్డులకూ ఫిట్టింగుకూ కలిపి 2,10,000 రూపాయలయింది. కాంట్రాక్టరును పంపింది షాపువాళ్లే, డబ్బు మాత్రం ఇద్దరికీ విడివిడిగా ఇచ్చాం. ఈ మే నెలలో బోర్డులు కలిసే చోట్ల పైకి లేచాయి. కొన్ని క్లిప్పులు ఊడాయి. లేచిన అంచు కాలికి తగిలి మా అమ్మ పడిపోయింది, మణికట్టు విరిగింది. షాపువాళ్లు ఫిట్టింగ్ తప్పంటున్నారు, కాంట్రాక్టరు సరుకే నాసిరకం అంటున్నాడు. వచ్చే వారం అన్నీ పీకి మళ్లీ బిగిస్తాడట. మేం కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ముందు ఆ బోర్డులను పీకనివ్వకండి. మీ సాక్ష్యమంతా ఆ స్క్రూల దగ్గరే ఉంది. ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే, మొదట ఎలా బిగించారో చూపించడం ఎవరి తరమూ కాదు.

డబ్ల్యూపీసీ అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డు. ఎండకు పొడవునా సాగుతుంది. అందుకే బోర్డు చివర సందు వదలాలి. ఎంత వదలాలో, బోర్డులను మోసే కింది పైపుల మధ్య దూరం ఎంత ఉండాలో కంపెనీ ఇన్‌స్టలేషన్ గైడులో ఉంటుంది. దాన్ని ఇప్పుడే సంపాదించండి. మీవాళ్లు చలికాలంలో బిగించారు. అంచుకు అంచు ఆనించి బిగిస్తే, మే ఎండలో సాగడానికి చోటు లేక ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. లేచింది బోర్డులు కలిసే చోట్లే కాబట్టి నా అనుమానం ఎక్కువగా ఫిట్టింగు మీదే.

ఒకే జాయింటుకు ఉదయం ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఉదయం కనిపించిన సందు మధ్యాహ్నానికి మూసుకుపోతే ఆ రెండు ఫొటోలే సగం కథ చెబుతాయి. టేపు పెట్టి పైపుల మధ్య దూరం కొలవండి. రెండు బోర్డుల చివర్లకూ కింద సరైన ఆధారం ఉందా, సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టాయా చూడండి.

సరుకు తప్పయితే లక్షణాలు వేరుగా ఉంటాయి. జాయింట్లకు దూరంగా, బోర్డు నడిమధ్యన కూడా పగుళ్లు, పొరలు లేవడం, ఉబ్బడం కనిపిస్తాయి. మెట్ల కింద ఎక్కడో మిగిలిన బోర్డు ముక్క ఉండే ఉంటుంది, దాన్ని పారేయకండి. బిగించని ఆ ముక్కలోనూ అదే లోపం ఉంటే కాంట్రాక్టరు మాట నిజమని తేలుతుంది.

ఇవన్నీ ఒక సివిల్ ఇంజనీరు చేత పరిశీలింపజేసి, రిపోర్టు, అఫిడవిట్ తీసుకోండి. పరిశీలన ఏ రోజో షాపుకూ కాంట్రాక్టరుకూ ముందే స్పీడ్ పోస్టులో తెలపండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం. లోపం ఉందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈ పని మీద ఇంత ఒత్తిడి చేస్తున్నాను. ఫోన్ ఫొటోలను, వాట్సాప్ సందేశాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయండి.

ఇక కేసు. ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చుకున్నాకే కోర్టుకు వెళ్లాలనుకుని చాలామంది కాలం పోగొట్టుకుంటారు. అక్కర్లేదు. షాపు, కాంట్రాక్టరు, బోర్డుల కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకు లోపానికీ సేవా లోపానికీ రెండింటికీ దారి ఉంది. సరుకు మీద వివాదం మిగిలితే సెక్షన్ 38 కింద ల్యాబు పరీక్షకు పంపమని అడగవచ్చు.

మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపే కాబట్టి విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. కచ్చా బిల్లే ఇచ్చినా భయం లేదు, బ్యాంకు, యూపీఐ చెల్లింపుల రికార్డు చూపవచ్చు. గడువు రెండేళ్లు. నోటీసులు, "చేసిస్తాం" అనే హామీలు ఆ గడువును పెంచవు. మే నుంచి లెక్కించవచ్చని వాదించే వీలున్నా, డిసెంబరు నుంచే లెక్కించుకుని దాఖలు చేయడం క్షేమం.

అమ్మగారి గాయం సంగతి వేరే పేరాలో రాయండి. చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం ఉంది. దాని కింద బోర్డు పాడైనందుకు పరిహారం రాదు, మనిషికి తగిలిన గాయానికి వస్తుంది. డెక్ ఖర్చును సరుకు లోపం, సేవా లోపం కింద అడగండి. ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం జాగ్రత్త చేయండి. డబ్బు కట్టింది మీరే అయినా, మీ అనుమతితో ఆ డెక్ వాడుకునే అమ్మగారూ వినియోగదారే. ఆవిడను కూడా ఫిర్యాదులో చేర్చండి.

రికార్డు పూర్తయ్యాక కాంట్రాక్టరు మరమ్మతు చేస్తానంటే కాదనకండి. ఏ బోర్డులు విప్పుతాడో, ఎంత సందు వదులుతాడో కాగితం మీద రాయించుకోండి. "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అనే వాక్యం అందులో ఉంటే మాత్రం సంతకం పెట్టకండి. అప్పటిదాకా ఆ లేచిన చోటికి ఎవరూ వెళ్లకుండా తాడు కట్టండి.