కరువు నేలలో బాదం, పిస్తా, జీడి తోటలు నిలుస్తాయా?

ప్రశ్న: అయ్యా, నాకు ఆరెకరాల మెట్ట ఉంది. ఎర్ర నేల. మంచి ఏడాదైతే 600 మి.మీ. వాన పడుతుంది, కరువు ఏడు 400 కూడా దాటదు. ఉన్నది ఒకటే బోరు. 200 లీటర్ల డ్రమ్ము రెండు నిమిషాల్లో నిండుతుంది కానీ ఎండాకాలంలో రోజుకు రెండు గంటలు పోసి ఆగిపోతోంది. బాదం, పిస్తా, జీడి కరువుకు తట్టుకునే చెట్లు, డ్రిప్పు ఉంటే చాలు అని నర్సరీ వాళ్లు చెబుతున్నారు. ఆరెకరాలూ పెట్టేయమంటారా? ఇంకో బోరు వేయమంటారా?

జవాబు: మీరు రాసినవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది డ్రమ్ము లెక్క. చాలామంది రైతులు ఇది కొలవకుండానే మొక్కలు కొనేస్తారు. నిమిషానికి 100 లీటర్లు, రెండు గంటలు అంటే రోజుకు 12,000 లీటర్లు. బాగా ఎదిగిన బాదం తోట మండువేసవిలో రోజుకు 7 మి.మీ. దాకా నీరు తాగేస్తుంది. ఎకరం మీద ఒక మి.మీ. అంటే సుమారు 4,000 లీటర్లు. అలా ఎకరానికి రోజుకు 28,000 లీటర్లు కావాలి. మీ బోరు అరెకరానికి కూడా చాలదు.

మరి కరువును తట్టుకునే చెట్టన్నది అబద్ధమా? కాదు. బాదం, పిస్తా ఎండిన నేలలో ప్రాణం నిలుపుకుంటాయి. స్పెయిన్‌లో బాదం తోటలు చాలావరకు వాన మీదే ఉన్నాయి. కానీ వాటి దిగుబడి తడి పెట్టే తోటల దిగుబడికి ఎక్కడా దగ్గరగా రాదు. చెట్టు బతకడం వేరు, కాపు నిలబెట్టడం వేరు. నర్సరీలో మొదటిది చెబుతారు, మనం రెండోది ఊహించుకుంటాం.

డ్రిప్పు గురించీ ఒక మాట. పారకంలో ఆవిరయ్యే నీటిని, పక్కకు పోయే నీటిని అది ఆపుతుంది. ఆకు తాగే నీటిని తగ్గించదు. పైగా మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు పెడితే భూమిలోంచి తోడేది మునుపటికంటే తగ్గదు.

ఇంకో బోరు మాత్రం వద్దు. రెండూ ఒకే ఊటను తోడితే నీరు పెరగదు, పంచుకోవడమే జరుగుతుంది. ఇరాన్‌లో పిస్తాకు పేరుపడ్డ రఫ్సంజాన్ ప్రాంతంలో బావులు లోతుకు పోయేకొద్దీ నీటిమట్టం పడిపోయింది, వచ్చే నీరు ఉప్పుబారింది, తోటలు నిలువునా ఎండాయి. ప్రపంచ బాదంలో దాదాపు 80 శాతం పండించే కాలిఫోర్నియాలో 2012–16 కరువులో రైతులు పోటీపడి లోతైన బోర్లు వేశారు. కొన్నిచోట్ల నేలే కుంగిపోయింది. భూగర్భజలాల వాడకానికి హద్దు పెట్టే చట్టం అక్కడ 2014లో వచ్చింది. వార్షిక పంటైతే వాన లేని ఏడు విత్తనం దాచుకుని ఊరుకోవచ్చు. పాతికేళ్లు ఉండాల్సిన చెట్టుకు ఈ ఏడు నీళ్లు లేవని చెప్పలేం కదా. బోరు మీద బోరు వేయించేది ఆ భయమే.

మీరు చలి సంగతి రాయలేదు. అది తేలకుండా పంట తేలదు. చలికాలంలో 7 డిగ్రీల కంటే తక్కువ వేడి ఉండే గంటలు బాదానికి రకాన్ని బట్టి 300–500, పిస్తాకు 800 పైబడి కావాలి. అంత చలి లేకపోతే పూత సరిగ్గా రాదు, ఎన్ని తడులిచ్చినా ఫలితం ఉండదు. జీడి దీనికి తలకిందులు. మంచు పడితే దెబ్బతింటుంది, పూత సమయంలో పొడి వాతావరణం కోరుతుంది. అక్రోటు (వాల్‌నట్) మాట అసలు తలపెట్టకండి, దానికి నీరూ ఎక్కువే, చలీ ఎక్కువే.

మీ దగ్గర చలి లేదనుకుని జీడి లెక్క వేద్దాం. చెట్టుకు చెట్టుకు 5 మీటర్లు వదిలితే, 400 మి.మీ. వాన పడే కరువు ఏట ఒక్కో చెట్టు వాటా నేల మీద పడే వాన 10,000 లీటర్లు. 10 మీటర్లు వదిలితే 40,000. ఇందులో కొంత ఆవిరికి, పారకానికి పోయినా తేడా తేడాయే. వాన తగ్గేకొద్దీ చెట్లు దూరం కావాలి. ట్యునీషియాలోని స్ఫాక్స్ దగ్గర ఆలివ్ చెట్లను 24 మీటర్ల దూరాన పెంచడం ఈ లెక్కతోనే.

10 మీటర్ల దూరంలో ఎకరానికి 40 చెట్లు. పూత, పిందె దశల్లో పదిహేను రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు ఇవ్వగలిగితే మంచిది. ఆరెకరాలకు 240 చెట్లు, 48,000 లీటర్లు, నాలుగు రోజుల పంపు. కుదిరినట్టే ఉంది కదా? కానీ బోరు రోజుకు అరగంటకు పడిపోయిన ఏడు అదే నీరు తోడడానికి పదహారు రోజులు కావాలి. రెండెకరాలే పెడితే ఆరు రోజుల్లో అయిపోతుంది. కాబట్టి ముందు రెండెకరాలే. మిగతా నాలుగెకరాల్లో వాన లేకపోతే వదిలేయగల వార్షిక పంటలే ఉంచండి. చెట్టు చుట్టూ వాలుకు ఎదురుగా అర్ధచంద్రాకారపు గట్టు వేసి, పాదులో ఎండుగడ్డి మందంగా పరవండి. మొదటి రెండు మూడు వేసవులు మొక్కకు నీరు తప్పనిసరి.

చలి చాలి పిస్తా పెట్టేట్టయితే, పెంకు గట్టిపడే దశలో నీరు సగానికి తగ్గించినా దిగుబడి పోదు. పప్పు నిండేటప్పుడు మాత్రం తగ్గించకూడదు. బాదానికి పై తొక్క పగిలే దశలో కాస్త తగ్గించవచ్చు, కానీ కోత అయ్యాక పూర్తిగా ఎండగడితే మరుసటి ఏటి కాపు పోతుంది. చవుడు నీటిని పిస్తా చాలావరకు భరిస్తుంది, బాదం భరించదు. అందుకే మొక్కలు కొనకముందే బోరు నీటి ఉప్పు పరీక్ష చేయించండి. మట్టిని ఒకచోట మీటరున్నర లోతు తవ్వి, రాయి తగులుతుందేమో చూడండి. ఈ వేసవి చివరి వారంలో డ్రమ్ము లెక్క మళ్లీ తీసి, చలి గంటల వివరంతో కలిపి రాయండి. రకం, అంట్ల సంగతి అప్పుడు చెబుతాను.