రిపోర్టులో 1 మిల్లీమీటరు అని ఉంది, సరిపోతుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ నమస్తే. మాది గుంటూరు బ్రాడీపేట, నాకు 46 ఏళ్ళు. శ్రావణంలో ఎడమ రొమ్ములో గడ్డ తీశారు, రొమ్ము ఉంచారు. గడ్డ 1.8 సెంటీమీటర్లు, ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా అనే రొమ్ము క్యాన్సర్, మార్జిన్లన్నీ (తీసిన ముక్క అంచులు) ఫ్రీ, వెనకవైపు మాత్రం 1 మిల్లీమీటరు అని రిపోర్టు. మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదు కరెంటు (రేడియేషన్) పెట్టించుకోండి చాలు అన్నారు మా డాక్టరు గారు. మా పెద్దాడపడుచేమో తనకి తెలిసినావిడకి సెంటీమీటరు వదిలి తీశారంట, నీకు 1 మిల్లీమీటరేంటి, మొత్తం తీయించేసుకో పీడా పోతుంది అంటోంది. నిద్ర పట్టట్లేదండి.

జవాబు: అమ్మా, అసలు ఆ 1 మిల్లీమీటరు ఎక్కడ కొలుస్తారో చెప్తాను, సగం భయం అక్కడే పోతుంది. గడ్డ తీసేటప్పుడు చుట్టూ కాస్త మంచి కండ కూడా కలిపి తీస్తాం, పైవైపు ఏదో పక్క ఏదో తెలియడానికి పొట్టి దారం ఒకటి పొడుగు దారం ఒకటి కుట్టి ల్యాబుకి పంపుతాం. వాళ్ళు ఆ ముక్కకి బయటంతా రంగు ఇంకు పూస్తారు, ఒక్కోవైపు ఒక్కో రంగు, తర్వాత పల్చగా కోసి మైక్రోస్కోపులో చూస్తారు. క్యాన్సర్ కణం ఇంకుని తాకితే మార్జిన్ పాజిటివ్, అప్పుడు అదే రొమ్ములో మళ్ళీ వచ్చే అవకాశం రెట్టింపు అవుతుంది కాబట్టి మామూలుగా ఇంకోసారి తీయాల్సిందే. తాకకపోతే క్లియర్, ఇంకుకీ దగ్గర్లోని క్యాన్సర్ కణానికీ మధ్య దూరమే మీ 1 మిల్లీమీటరు, అంటే మీది క్లియరే.

ఒకప్పుడు మా సర్జన్లలోనే ఒకరు 5 మిల్లీమీటర్లు అనేవాళ్ళు, ఒకరు సెంటీమీటరు అనేవాళ్ళు, మీ ఆడపడుచు గారి లెక్క అప్పటిది. 28 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలు కలిపి చూస్తే ఇంకుకి తగలకుండా ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ కోస్తే అదనంగా ఒరిగేదేం లేదని తేలింది, 2014లో అమెరికా క్యాన్సర్ సర్జన్లు, రేడియేషన్ డాక్టర్లు కలిసి అదే రూలు చేశారు. కాకపోతే ఆ రూలు రొమ్ము మొత్తానికి కరెంటు పెట్టించుకునేవాళ్ళకి. పైగా మీది వెనకవైపు, కండరం మీది పొర దాకా తీసేసి ఉంటే అటు ఇంక తీయడానికి రొమ్మే మిగల్లేదు, ఆ మాట మీ సర్జన్ని అడిగి కనుక్కోండి.

మొత్తం తీయించుకుంటే పీడా పోతుందనేది నేను రోజూ వినే మాటే. బెర్నార్డ్ ఫిషర్ అని అమెరికా సర్జన్ 1976లో మొదలుపెట్టి 20 ఏళ్ళు చూశాడు, మొత్తం తీసినవాళ్ళూ గడ్డ మటుకే తీసినవాళ్ళూ బతకడంలో తేడా లేదు. గడ్డ తీసి కరెంటు పెట్టనివాళ్ళలో మాత్రం 39 శాతం మందికి అదే రొమ్ములో తిరగబెట్టింది, పెట్టినవాళ్ళలో 14 శాతం, ఇప్పటి మందులతో అది ఇంకా తగ్గింది. రాదు అని నేను రాసివ్వలేను, మొత్తం తీసినా ఛాతీ మీద రావచ్చు.

కాబట్టి మీరు భయపడాల్సింది మిల్లీమీటరుకి కాదు, కరెంటు మధ్యలో ఆపేయడానికి. మిరప కోతలొచ్చాయనో ఇంట్లో పెళ్ళనో సగంలో మానేసి పోయినవాళ్ళని చూశాను, ఒళ్ళు మండుతుంది నాకు. ఒకప్పుడు 5 వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి 15 సిట్టింగుల్లో అయిపోతుంది. మీ వయసుకి గడ్డ ఉన్న చోట బూస్ట్, అంటే ఇంకాస్త అదనపు కరెంటు, ఇస్తారా అని కూడా అడగండి. హార్మోన్ మాత్రలు రాస్తే ఏళ్ళ తరబడి వేసుకోవాలి, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే).

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి. మా అమ్మకి డీసీఐఎస్ (పాల గొట్టాలు దాటని తొలి దశ రొమ్ము క్యాన్సర్), స్టేజ్ సున్నా అన్నారు. మార్జిన్ 1 మిల్లీమీటరు ఉందని రెండో ఆపరేషన్ అంటున్నారు. సున్నాకి అంతెందుకు?

జవాబు: పై ఉత్తరం చదివి మీకు కోపం రావడం న్యాయమే. కానీ డీసీఐఎస్ గడ్డలా ఒకచోట ఉండదు, పాల గొట్టాల లోపల్లోపల పాకుతుంది. వంకాయకి బొక్క ఒకచోట ఉంటుంది, కోస్తే పురుగు దారి ఇంకెటో పోయి ఉంటుంది చూడండి, అలాగ. అందుకే దీనికి 2 మిల్లీమీటర్లు ఉండాలన్నారు 2016లో. అయితే 2కి తగ్గిన ప్రతివాళ్ళకీ మళ్ళీ కోసి తీరాలని కాదు, ఎంతమేర తగ్గింది, కరెంటు పెట్టిస్తున్నారా, ఇవన్నీ చూస్తారు. ఆపరేషన్‌కి ముందు ఇంకోసారి మామోగ్రామ్ తీసి డీసీఐఎస్‌కి ఆనవాళ్ళుగా కనిపించే సున్నపు (కాల్షియం) చుక్కలేమైనా మిగిలాయేమో చూడమనండి.