కథ రాశావు సరే, ఇంకా ఎక్కడా పెట్టకు

అల్లుడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, బాగుంది. కానీ ఈ రాత్రికే ఫేస్‌బుక్‌లో పెట్టేస్తానన్నావు చూడు, అది మాత్రం ఆపు. పత్రికలు కథతో పాటు హామీపత్రం అడుగుతాయి, ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు అని. చాలా పత్రికలకి ఫేస్‌బుక్కూ బ్లాగూ కూడా ప్రచురణ కిందే లెక్క. ఆ కాసిని లైకులు వచ్చాక దాన్ని సంక్రాంతి పోటీకో ఉగాది పోటీకో పంపుదామంటే కుదరదు. అసలు పెట్టొద్దని కాదు, ఏది ముందో తేల్చుకో అంటున్నా. వెంటనే చదివేవాళ్లు కావాలంటే కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్ ఉంది, కాకపోతే అక్కడ సీరియల్‌కి ఉన్న గిరాకీ చిన్న కథకి ఉండదు. నన్నడిగితే ముందు ఈమాట లాంటి వెబ్ పత్రికకి పంపు. 1998 నుంచి నడుస్తోంది, కథ చదివి మార్పులు చెప్పేవాళ్లున్నారు. ఆ చెప్పించుకోవడమే నీకిప్పుడు కావాలి.

పంపేముందు ఒక పని చెయ్యి. మొదటి రెండు పేరాలు కొట్టెయ్. ఆ తెల్లవారడం, ఆ కోడికూత అందరి కథల్లోనూ ఉన్నాయి. నీ కథ మొదలయ్యేది మూడో పేరాలో, రేషన్ షాపులో వేలిముద్ర పడక ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి, కొంగుతో తుడుచుకుని మళ్లీ మిషన్ మీద వేలు పెట్టినచోట. వెనకాల నిలబడ్డవాడు "అప్పచెల్లెమ్మా, బేగి కానీ" అంటాడే, అక్కడ నాకు మనూరు కనపడింది. అదే మనిషి తర్వాతి పేజీలో "త్వరగా కానివ్వండి" అంటున్నాడు, ఎందుకురా? చివర్లో కొడుకు చేత ప్రభుత్వం గురించి చెప్పించిన ఉపన్యాసం కూడా తీసెయ్. ఆ వేలు చూశాక ఎవరికీ ఇంకేం చెప్పక్కర్లేదు.

పంపాక టెన్షన్ పడకు. చాలా చోట్ల నుంచి జవాబే రాదు. ఎక్కడికి పంపావో, ఏ తేదీన పంపావో ఒక నోటుబుక్కులో రాసుకుని, వాళ్లు చెప్పిన గడువు దాటాక ఒక మెయిల్ పెట్టి ఇంకోచోటికి పంపు, ఈలోగా రెండో కథ మొదలెట్టు. యూట్యూబ్‌లో కథలు చదివేవాళ్లు అడిగితే ఆడియోకి మాత్రమే, నీ పేరు చెప్పే షరతు మీద మెయిల్లో అనుమతి ఇవ్వు, నోటిమాటగా వద్దు. కాపీరైటు రిజిస్ట్రేషన్ లేదని భయపడకు, రాసిన క్షణం నుంచే హక్కు నీది, నీ తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది.

పుస్తకం సంగతి అడిగావు. ఇప్పుడే వద్దు. పది పన్నెండు కథలు కూడాక చూద్దాం. వేసేటప్పుడు పేజీలు పదహారు చొప్పున ఫారాల లెక్కన చూస్తారు, 128 పేజీలంటే ఎనిమిది ఫారాలు, రెండు పేజీలు పెరిగితే లెక్కంతా మారుతుంది. ఐఎస్‌బిఎన్‌కి, అంటే పుస్తకం మీద వేసే గుర్తింపు నంబరుకి, ఎవరికీ డబ్బులివ్వకు, ప్రభుత్వానిదే రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. పేజీలు టైపు చేసిపెట్టే డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో కొడితే ఆ ఫైలు రేపు నెట్‌లో పెట్టడానికి పనికిరాదు, అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి, కాబట్టి ఫోన్లోనూ నెట్‌లోనూ సరిగ్గా కనపడే యూనికోడ్ కాపీ నీ దగ్గర విడిగా ఉంచుకో. వెయ్యి కాపీలు వేస్తే అమ్ముడుపోనివన్నీ నీ మంచం కిందే పడుకుంటాయి, తక్కువే వేయించు. అమ్మిపెట్టే షాపులకి కమిషన్ పోను నీకు మిగిలేది ఎంతో ముందే కాగితం మీద వేసుకుని ధర పెట్టు. ఒక కాపీ మాత్రం శ్రీకాకుళం కథానిలయానికి పంపడం మర్చిపోకు, కాళీపట్నం రామారావు గారు 1997లో తెలుగు కథల కోసమే పెట్టిన లైబ్రరీ అది, మన పక్కనే ఉంది, నువ్వింకా వెళ్లలేదంటే కోపం వస్తోంది నాకు.

దిద్దిన కథ ఆదివారంలోపు పంపు. వర్డ్ ఫైలే పంపు, ఫోన్లో స్క్రీన్‌షాట్లు తీసి పంపితే చదవను.

మీ అత్త