సోలార్ పంపు సబ్సిడీ ఆడ రైతుకు ఎందుకు అందదు?

ప్రశ్న: హరిత అభివృద్ధిలో స్త్రీలకు సమాన వాటా అని ప్రణాళికల్లో రాస్తారు. మా పలాస వైపు తోట పనంతా ఆడవాళ్లదే, మరి సోలార్ పంపు సబ్సిడీ వాళ్లకు ఎందుకు రాదు?

జవాబు: దరఖాస్తులో అడిగేది పొలం ఎవరు చేస్తున్నారని కాదు, పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉందని. జీడిగింజ ఏరేది, ఎండబెట్టేది ఆవిడ. పట్టా భర్తది, లేదంటే మావగారిది. చిక్కంతా అక్కడే.

సోలార్ పంపులకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం-కుసుమ్ 2019లో మొదలైంది. అందులో విడి పంపుకు, అంటే కరెంటు లైనుతో సంబంధం లేనిదానికి, కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం ఇవ్వాలి. మిగతా 40 రైతుది, అందులో 30 దాకా బ్యాంకు అప్పు తీసుకోవచ్చు. ఆ అప్పు దగ్గరా మళ్లీ భూమి కాగితమే అడ్డం. కౌలుకు చేస్తుంటే సాగుదారు హక్కు కార్డు ఉందిగా అంటారు. దానికి యజమాని ఒప్పుకోవాలి, పైగా గడువు 11 నెలలే. పాతికేళ్లు పనిచేసే ప్యానెల్‌ని 11 నెలల కాగితం మీద ఎవరు బిగిస్తారు?

స్త్రీలకు బడ్జెట్‌లో ఎంత కేటాయించారో చూపే జెండర్ బడ్జెట్ పత్రం ఢిల్లీలో 2005-06 నుంచి వస్తోంది. అందులో మొదటి భాగం పూర్తిగా స్త్రీల పథకాలది, రెండోది స్త్రీలకు 30 నుంచి 99 శాతం వాటా ఉన్నవాటిది. అది కేటాయింపు లెక్కే. పంపు ఎవరి పేరున బిగించారో అందులో కనపడదు.

చేయగలిగింది: కొంత భూమైనా ఆమె పేరున రిజిస్టర్ చేయించి, వెంటనే మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) పెట్టించాలి. రిజిస్ట్రేషన్‌తో ఆపేస్తే పాస్‌బుక్‌లో పాత పేరే ఉండిపోవచ్చు. బోరు కూడా ఆ సర్వే నంబరులోనే ఉండేలా చూసుకోండి. భూమి దొరకకపోతే, కుసుమ్‌లో రైతు ఉత్పత్తిదారుల సంస్థలకూ నీటి వినియోగదారుల సంఘాలకూ చోటుంది. డ్వాక్రా మహిళలు అలాంటి సంస్థగా రిజిస్టరయ్యాకే దరఖాస్తు పెట్టడం మేలు.