నడుము పట్టేస్తే ఎన్ని రోజులు పడుకోవాలి?

బియ్యం బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసిందనీ, వారం పాటు మంచం దిగొద్దని ఇంట్లో అంటున్నారనీ రాశారు. దిగండి. ఒకటి రెండు రోజులు చాలు. నేను తొమ్మిది రోజులు పడుకున్నాను. అసలు దెబ్బ కన్నా ఆ తొమ్మిది రోజులే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

మాది నిజాంపేట. బోరు నీళ్లు తాగలేం కాబట్టి క్యాన్లే గతి. మూడేళ్ల క్రితం, ఏప్రిల్‌లో ఒక పొద్దున ఇరవై లీటర్ల క్యాన్‌ను మోకాళ్లు వంచకుండా ఎత్తి, అలాగే పక్కకు తిరిగి డిస్పెన్సర్ మీద బోర్లించబోయాను. నడుము కలుక్కుమంది. క్యాన్ జారి వంటగదంతా నీళ్లు. గట్టు పట్టుకుని వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ఊపిరి గట్టిగా తీసుకున్నా సూది గుచ్చినట్టు నొప్పి. మా అమ్మాయి కుర్చీ తెచ్చినా అందులో కూర్చోలేకపోయాను.

మా అత్తయ్య ఎవరి మాటా వినకుండా రెండో అంతస్తులో ఉండే ఇంటర్ కుర్రాణ్ణి పిలిపించారు. వాడు ఎదురుకాళ్లతో పుట్టాడట, తొక్కితే పట్టు పోతుందట. ఆ పిల్లాడు భయపడుతూనే కాలు ఆనించాడు. నేను అరిచిన అరుపుకి వెనక్కి గెంతాడు. అత్తయ్యది ప్రేమే, కాదనను. కానీ లోపల కండరం పీచులు చినిగి వాచి ఉంటే, వాటి మీద కాలు పెట్టడం ఎలా మంచిది? మసాజ్ పేరుతో గట్టిగా పిసకడం కూడా అంతే.

తర్వాత మంచం. అయిదో రోజుకి బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఎంఆర్‌ఐ తీయిస్తే 'డిస్క్ బల్జ్' అని, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బిందని వచ్చింది. ఇక ఆపరేషనే అనుకుని రాత్రంతా ఏడ్చాను. ఆ టెన్షన్ పోగొట్టింది మా ఫిజియోథెరపిస్టే. నడుము నొప్పి లేని 98 మందికి అమెరికాలో ఎంఆర్‌ఐ తీస్తే సగానికి పైగా వాళ్లలో కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉందట. ఆ సంగతి 1994లోనే బయటికొచ్చింది. అయినా స్కానింగ్ కాగితం చేతిలో పెట్టేటప్పుడు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు. నాకు ఇప్పటికీ కోపమే.

ఆవిడ చెప్పిందేమిటంటే, దెబ్బ తిన్న కండరాన్ని కాపాడటానికి చుట్టూ ఉన్నవి బిగుసుకుపోతాయి. కదలకపోతే ఆ బిగువు అలాగే ఉండిపోతుంది, బలం కూడా తగ్గుతుంది. మంచం దిగిన మొదటి రోజు వరండాలో అయిదేసి నిమిషాల నడక, రోజుకు అయిదుసార్లు. పడుకుంటే మోకాళ్ల కింద దిండు. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులైతే ఐస్, ఆ తర్వాత వేడినీళ్ల సంచి. నొప్పి తగ్గే కొద్దీ మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం లాంటి వ్యాయామాలు. మూడో వారానికి మెట్లు దిగాను. ఆరో వారానికి వంట పూర్తిగా నాదే.

కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, జ్వరం, కింద పడిన దెబ్బ: వీటిలో ఏది ఉన్నా నా మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో మాట. మా వాచ్‌మన్ ఎండాకాలంలో రోజుకు ముప్పై క్యాన్ల దాకా భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. లిఫ్టులో నీళ్లు పడతాయని అసోసియేషన్ వాళ్లు వద్దన్నారు. అతని నడుము గురించి మీటింగులో నేనే అడిగాను, మూడుసార్లు అడిగాక క్యాన్లు లిఫ్టులో తేవడానికి ఒప్పుకున్నారు. మా ఇంట్లో డిస్పెన్సర్ తీసేశాం. క్యాన్ నేల మీదే ఉంటుంది, పైన చార్జింగ్ పంపు పెట్టాం.

మీ బియ్యం బస్తా కూడా అక్కడే ఉండనివ్వండి. డబ్బాలోకి చిన్న గిన్నెతో తోడుకోండి.